తప్పటడుగు వేరు, తప్పుడు అడుగు వేరు

“తొలి ప్రయత్నం కదా, పోనివ్వండి!” ఈ మాట మన సాహిత్య సభల్లో చెల్లినంతగా బజార్లో రూపాయి కూడా చెల్లదు. తొలి కవితా సంపుటి వస్తే పోనివ్వండి, తొలి నాటకం ఆడితే పోనివ్వండి, తొలి నవల అచ్చయితే పోనివ్వండి. ఈ మాట అనేవారు మంచివారే. కొత్తగా రాసేవాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లకూడదన్న దయ వారిది. ఆ దయకు నేను విరోధిని కాను. నా కలం కూడా ఆ దయ మీదే ఇంతకాలం బతికింది. అయితే ఆ దయ ఎక్కడ ఆగాలో తెలియకపోతే అది దయ కాదు, ఉదాసీనత అవుతుందని నా వాదం. దీనికి ఉదాహరణగా నేను తీసుకుంటున్నది కావ్యమో నవలో కాదు, అమెరికా టెలివిజన్ సీరియల్‌లో ఒకానొక ఎపిసోడ్. సాహిత్య పత్రికలో టెలివిజన్ గొడవ ఏమిటని కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. చివరిదాకా చదివాక ఆ పని చెయ్యమని మనవి.

సంగతి ఇలా మొదలైంది. మా మేనల్లుడు చెన్నైలో ఉద్యోగం చేస్తాడు. పండక్కి రాజపాళయం వచ్చినప్పుడు ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ అనే పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్ చూడమని నా ముందు పెట్టాడు. 1980లలో దూరదర్శన్‌లో అంతకు ముందరి ‘స్టార్ ట్రెక్’ చూసిన వాణ్ణి గనక సరేనన్నాను. వాడు ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. “మామా, మొదటి కథ చూడండి. దాని తర్వాతవి రెండు వదిలేసి ముందుకు పోండి. మొదటి ఏడాది వాళ్లకు ఇంకా చెయ్యి తిరగలేదు. మూడో ఏడాది నుంచి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం” అన్నాడు. ఈ సీరియల్ అభిమానులు లోకమంతటా కొత్తవారికి ఇచ్చే సలహా ఇంచుమించు ఇదేనట. వద్దన్నదాన్ని ముందు చూడటం మనిషి గుణం. వాడు వదిలెయ్యమన్న రెండింటినీ వరుసగా చూశాను. చూశాక తెలిసిందేమిటంటే, ఒకే మాటతో వాడు పక్కన పడేసిన ఆ రెండూ ఒక జాతివి కావు.

ఈ సీరియల్ ఎరగని పాఠకుల కోసం రెండు ముక్కలు. 1987 సెప్టెంబర్ 28న ఇది అమెరికాలో మొదలైంది. 1994 మే దాకా 7 ఏళ్లు, 178 ఎపిసోడ్లుగా నడిచింది. కథాకాలం 24వ శతాబ్దం. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక, దానికి పికార్డ్ అనే ఫ్రెంచి కెప్టెన్, ఆ పాత్రలో ఇంగ్లండు నటుడు ప్యాట్రిక్ స్టూవర్ట్. భూమ్మీద పేదరికం, జాతిద్వేషం, యుద్ధాలు అన్నీ పోయి, మనుషులు ఒక్కటై నక్షత్రాల మధ్య తిరుగుతూ కొత్త జాతులతో స్నేహం కలుపుకుంటారు. ఈ సీరియల్ తన గురించి తాను చెప్పుకునే గొప్ప అది. ఆ గొప్పను గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని ఉంది.

ముందు క్షమించదగిన దాన్ని చూద్దాం. అక్టోబర్ 5న ప్రసారమైన ‘ది నేకెడ్ నౌ’. తాకితే అంటుకునే వింత జబ్బు ఒకటి నౌకలోకి వస్తుంది. సోకినవాళ్లు తప్పతాగినవాళ్లలా ప్రవర్తిస్తారు, మనసులో దాచుకున్నదంతా బయటపెట్టుకుంటారు. ఇది 1966లో పాత స్టార్ ట్రెక్‌లో వచ్చిన ‘ది నేకెడ్ టైమ్’ కథే. దాచే ప్రయత్నం కూడా లేదు. పాత్రలే పాత నౌక దస్తావేజులు తిరగేసి అందులో మందు కోసం వెతుకుతాయి. లోపం ఎక్కడుంది? గంభీరంగా ఉండే మనిషి హద్దు తప్పితే మనకు నవ్వో జాలో కలగాలంటే, ముందు ఆ మనిషి గాంభీర్యం మనకు అలవాటు కావాలి. రోజూ తలవంచుకు నడిచే లెక్కల మాస్టారు ఒకనాడు నడివీధిలో పాట అందుకుంటే వీధి వీధంతా నిలబడి చూస్తుంది. నిన్న బస్సు దిగినవాడు పాడితే ఎవరు ఆగుతారు? ఈ పాత్రలు మనకు పరిచయమై అప్పటికి వారం. వాళ్ల నిత్యస్వభావమే తెలియదు, ఇక అది తప్పడం ఎలా తెలుస్తుంది? పదేళ్ల తర్వాత రాయవలసిన కథను పదో రోజున రాశారు. తొందరపాటు, అనుభవలేమి, పాతదాని నీడ. ఇది అచ్చమైన తప్పటడుగు. పోనివ్వండి.

వారం తర్వాత, అక్టోబర్ 12న వచ్చింది ‘కోడ్ ఆఫ్ ఆనర్’. కథ ఇదీ. ఒక గ్రహంలో మహమ్మారి ప్రబలింది. దానికి టీకామందు లిగాన్ అనే మరో గ్రహంలోనే దొరుకుతుంది. దానికోసం ఎంటర్‌ప్రైజ్ అక్కడికి వెళుతుంది. లిగాన్ నాయకుడు లూటాన్ నౌకను చూడటానికి వచ్చి, నౌక భద్రతాధికారిణి తాషా యార్ సాహసం చూసి ముగ్ధుడై, ఆమెను ఎత్తుకుపోతాడు. వాళ్ల మర్యాద ప్రకారం కెప్టెన్ స్వయంగా దిగివచ్చి, అందరి ముందూ వినయంగా అడిగితే తిరిగి ఇచ్చెయ్యాలి. అడుగుతాడు. లూటాన్ ఇవ్వనంటాడు, ఆమెను పెళ్లాడతానంటాడు. అతని భార్య యరీనా తాషాను చావో రేవో తేల్చే ద్వంద్వయుద్ధానికి పిలుస్తుంది. విషం పూసిన ముళ్ల ఆయుధాలు. యరీనా ఓడి ప్రాణం విడుస్తుంది. నౌకలోకి చేర్చి డాక్టరు మళ్లీ బతికిస్తుంది. చనిపోయింది గనక పెళ్లి రద్దయింది. ఆమె మరొకణ్ణి మగడిగా ఎంచుకుంటుంది, లూటాన్ పదవి పోతుంది, టీకామందు దొరుకుతుంది.

చావు పోరాటం, డాక్టరు చమత్కారం, రెండూ 1967 నాటి ‘అమోక్ టైమ్’లో చూసినవే. మాటలు కొయ్యబారి ఉన్నాయి, పోరాటం చప్పగా ఉంది. ఇవన్నీ తప్పటడుగులే అందాం. పైగా ఈ కథలో ఒక మంచి విత్తనం కూడా ఉంది. లిగాన్‌లో భూములు, ఆస్తి ఆడవాళ్లవి. మగవాళ్లు పాలిస్తారు గానీ సొంతం చేసుకోలేరు. ఆస్తి ఒకరిదీ అధికారం మరొకరిదీ అయిన సంసారం ఎలా నడుస్తుంది? మంచి రచయిత చేతిలో పడితే ఇదొక్కటే గొప్ప నాటకమయ్యేది. ఇక్కడ మాత్రం భార్య చస్తే ఆస్తి కలిసొస్తుందన్న మగడి కుట్రకు మించి అది పెరగలేదు. విత్తనం ఎండిపోవడం కూడా క్షమించవచ్చు.

క్షమించరానిది వేరే ఉంది. లిగాన్ గ్రహం మొత్తానికీ నల్లజాతి నటులనే పెట్టారు. వాళ్లకు తలపాగాలు, మెరిసే బట్టలు చుట్టి, పాత హాలీవుడ్ వాళ్లు ఆఫ్రికానూ అరేబియానూ ఒకే కుండలో వండిన వంటకంలా నిలబెట్టారు. ఆ జాతి నాయకుడు తెల్ల పిల్లను చూసీ చూడగానే ఎత్తుకుపోయాడు. అమెరికాలో ఈ కథ వట్టి కథ కాదు. నల్లవాడు తెల్ల స్త్రీని చెరపడతాడన్న భయాన్ని చూపించే ఎందరినో చెట్లకు వేలాడదీశారు. 1915లో గ్రిఫిత్ తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ సినిమా ఆ భయాన్నే తెరకెక్కించి, ముసుగులు తొడిగిన హంతక ముఠాను రక్షకులుగా చూపింది. ఆ పాత విషాన్నే 24వ శతాబ్దపు గిన్నెలో పోసి, జాతిద్వేషం అంతరించిందని చాటే సీరియల్ వడ్డించింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న గొప్ప ఇదే. మరో సంగతి. నౌక భద్రతకు అధికారిణి అయిన తాషా చేత, తనను ఎత్తుకుపోయినవాడి మీద తనకూ మోజు కలిగిందని చెప్పించారు. ఒక్క దెబ్బతో ఒక జాతినీ, ఒక స్త్రీనీ కించపరచడం అంటే ఇది.

పసివాడు వేసేది తప్పటడుగు. కాళ్లలో బలం చాలదు, నేల ఎత్తుపల్లాలు తెలియవు, పడతాడు, లేస్తాడు. చూసేవాళ్లకు ముచ్చట. తప్పుడు అడుగు వేసేవాడు పసివాడు కాదు. వాడికి కాళ్లలో బలముంది, దారీ తెలుసు, అయినా పక్కవాడి కాలు తొక్కుతాడు. రెండు మాటలూ చెవికి దగ్గరగా వినిపిస్తాయి. అర్థాలు కూడా దగ్గరే అనుకోవడం వల్లనే మన పోనివ్వండి బాబులు రెండింటికీ ఒకే క్షమాపత్రం రాసిస్తున్నారు.

నా మాట విన్న మేనల్లుడు ఊరుకోలేదు. మూడు సమాధానాలు చెప్పాడు. మూడూ వినదగినవే, మూడూ నిలవనివే.

మొదటిది, మొదటి ఏడాది కదా అన్నది. అనుభవం లేకపోతే కథ నడక కుంటుతుంది, మాటలు పేలవంగా ఉంటాయి. ఎవరికి మర్యాద ఇవ్వాలో తెలియకపోవడం అనుభవలేమి వల్ల వచ్చేది కాదు. ఇదే నౌకలో, ఇదే మొదటి ఏడాదిలో లవార్ బర్టన్ అనే నల్లజాతి నటుడు జోర్డీ లాఫోర్జ్ అనే అధికారి పాత్ర వేశాడు. ఆ పాత్ర పుట్టుగుడ్డి. కళ్లకు యంత్రం తగిలించుకుని నౌకను నడుపుతాడు. ఎంత నిండైన పాత్ర! ఇదే ఎపిసోడ్‌లో అతను గడ్డం గీసుకుంటుంటే డేటా అనే యంత్రమానవుడు హాస్యం నేర్చుకోవాలని తంటాలుపడే చిన్న సన్నివేశం ఉంది, బాగుంది కూడా. నల్లజాతి మనిషిని మనిషిగా చూపడం వాళ్లకు చేతనయిన పనే. చేతనయీ చెయ్యలేదంటే మొదటి ఏడాది సాకు చెల్లదు.

రెండోది, కాలం అలాంటిదన్నది. ఏ కాలం? 21 ఏళ్ల ముందే, 1966లో, ఇదే పేరుతో వచ్చిన సీరియల్‌లో నిషెల్ నికల్స్ అనే నల్లజాతి నటి నౌకాధికారిణిగా కెప్టెన్ వెనుకే కూర్చుంది. ఆమె మానేద్దామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ వద్దని చెప్పాడని ఆమే జీవితాంతం చెప్పుకుంది. 1977లో ‘రూట్స్’ సీరియల్ బానిసల చరిత్రను అమెరికాలో ఇంటింటికీ చేర్చింది. అందులో కుంటా కింటే పాత్ర వేసిన కుర్రవాడే ఈ లవార్ బర్టన్. అంతెందుకు, ఈ ఎపిసోడ్ చిత్రీకరణ మధ్యలోనే దర్శకుడు రస్ మేబెరీని తప్పించి, మిగిలినది లెస్ లాండోతో పూర్తి చేయించారు. ఆ సీరియల్‌లోనే రైకర్ పాత్ర వేసిన జోనాథన్ ఫ్రేక్స్ తర్వాతి కాలంలో దీన్ని జాత్యహంకారపు చెత్త అని మొహమాటం లేకుండా తిట్టాడు. దర్శకుణ్ణి మార్చగలిగినవాళ్లు ప్రసారాన్ని ఆపలేకపోయారా? కాలం మీద నింద వేయడం సులువు, ఎందుకంటే కాలం ఎదురు మాట్లాడదు.

మూడోది, వాళ్లు గ్రహాంతరవాసులు కదా, ఏ జాతినీ అన్నట్టు కాదు కదా అన్నది. రాతప్రతిలో ఆ జాతి అంతా నల్లవాళ్లేనని లేదనీ, నటుల ఎంపికలో అలా అయిందనీ కూడా చెబుతారు. మంచిది. అయితే ఆకాశం నుంచి ఊడిపడిన కథ ఏదీ లేదు. సైన్స్ ఫిక్షన్‌లో గ్రహాంతరవాసిని రచయిత తనకు తెలిసిన మట్టితోనే చేస్తాడు. మన పురాణాల్లో రాక్షసులను ఎవరి మట్టితో చేశారన్న ప్రశ్న మనవాళ్లు వేసుకోలేదా? త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకుడి పక్షాన కలం పట్టింది ఆ ప్రశ్న వేసుకునే కదా! మట్టి ఎక్కడిదో అడగడం విమర్శకుడి కనీస ధర్మం.

వదిలేసి ముందుకు పోతే నష్టమేమిటని అడుగుతారు. నష్టం ఉంది, దానికి రుజువూ ఉంది. ‘కోడ్ ఆఫ్ ఆనర్’ రాసింది క్యాథరిన్ పవర్స్, మైఖేల్ బారన్ ఇద్దరూ. సరిగ్గా పదేళ్లకు, 1997 జూలైలో, ‘స్టార్‌గేట్ ఎస్‌జీ-1’ అనే మరో సైన్స్ ఫిక్షన్ సీరియల్ మొదలైంది. ఇదీ పదేళ్లు నడిచిన పెద్ద సీరియలే. మొదలైన రెండు వారాలకే, ఆగస్టు 8న ‘ఇమాన్సిపేషన్’ అనే ఎపిసోడ్ వచ్చింది. కథ? బృందంలో ఉన్న ఒక్క స్త్రీ అధికారిణిని ఒక మొరటు తెగవాళ్లు ఎత్తుకుపోతారు, ఆమె చివరికి ఆ తెగ నాయకుడితో ఒంటరిగా పోరాడి గెలుస్తుంది. ఈసారి ఆ తెగ మంగోలుల సంతతి. రాసింది అదే క్యాథరిన్ పవర్స్. ఆ సీరియల్ అభిమానులు కూడా కొత్తవారికి ఇచ్చే సలహా ఏమిటో తెలుసా? దాన్ని వదిలేసి ముందుకు పొమ్మని! నేను రచయిత్రిని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం లేదు. కథను కొన్నవారు, తీసినవారు, వేసినవారు అందరూ ఉన్నారు. పేలవమైన కథగా లెక్కవేసి వదిలేసిన తప్పు పేలవమైన కథగానే తిరిగివచ్చింది. తప్పును తప్పు అని తేల్చకుండా దాటిపోతే అది మన వెనకే నడిచి వస్తుంది, ముఖం మార్చుకుని ముందు నిలుస్తుంది.

ఇంత తీర్పు చెబుతున్న నేను బోనులో నిలబడకపోతే అన్యాయం. హైస్కూలు చదివే రోజుల్లో వార్షికోత్సవానికి నేనొక తెలుగు నాటిక రాశాను. రాజుగారు వేటకు వెళతారు, కొండవాళ్లు రాకుమారిని ఎత్తుకుపోతారు, వీరుడు వెళ్లి విడిపిస్తాడు. కొండవాళ్ల వేషాలకు మొహాన బొగ్గు, తలకు ఈకలు, నడుముకు ఆకులు. భాష ఏమీ ఇవ్వలేదు, అర్థం లేని కేకలు ఇచ్చాను. సభ కడుపుబ్బ నవ్వింది. పెద్దలు “తొలి నాటకం కదా, భేష్” అన్నారు. ఇప్పుడు ఆలోచించండి. మా ఊరికి పడమర గోడలా నిలిచిన కనుమల్లో పళియర్లు ఉన్నారు. వాళ్లు తెచ్చిన తేనె మా ఇంట్లో సీసాల్లో ఉండేది. మా అమ్మ వాళ్లతో బేరమాడేది, మంచీచెడ్డా కనుక్కునేది. చొక్కా తొడుక్కుని, పంచె కట్టుకుని, నాకంటే నిదానంగా మాట్లాడే మనిషి మా అరుగు మీద కూర్చుని ఉండగానే నేను లోపల కూర్చుని ఈకల కొండవాణ్ణి రాశాను. నాకు నాటకం రాయడం చేతకాలేదన్నది తప్పటడుగు. అరుగు మీద మనిషిని చూడకపోవడం తప్పుడు అడుగు. ఆనాడు ఎవరైనా చెవి పట్టుకుని ఆ రెండోది చెప్పి ఉంటే, కొన్నేళ్ల తర్వాత రాసిన నాటికలో మళ్లీ కొండవాణ్ణే విదూషకుణ్ణి చేసేవాణ్ణి కాదు. భేష్ అన్నవాళ్లు నా మీద దయ చూపారు. ఆ దయ ఖర్చు పళియర్లు భరించారు.

ఈ పత్రిక చదివే మనకు ఈ బాధ చదివి తెలుసుకోవలసినది కాదు. చెన్నైలో చదువుకున్న మన పిల్లలను అడగండి, ‘గొల్టి’ అనే మాట ఎన్నిసార్లు విన్నారో. పోనీ తెలుగుదేశం వెళదామా అంటే, అక్కడ సినిమాలో అరవయ్య సాంబారు తాగి, యాసతో నవ్వించి వెళ్లిపోతాడు. మనం నోరు విప్పితే “మీది అరవ తెలుగా?” అని ఆ నవ్వునే మనకూ పంచుతారు. ఇక రాజపాళయం అనగానే లోకానికి తెల్లకుక్క గుర్తొస్తుంది. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల కూడా వేసింది. కుక్క గొప్పదే, నాకూ ఇష్టమే. కానీ 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివాడు. విజయనగర కాలపు వలసల నాటి నుంచి ఇంట్లో తెలుగు నిలుపుకున్న కుటుంబాలున్న ఊరు ఇది. నూలు మిల్లులు నడిపే ఊరు. “రాజపాళయమా? కుక్కపిల్ల దొరుకుతుందా?” అని అడిగేవాడికి దురుద్దేశం ఉండదు. ఒక ఊరిని ఒక్క వస్తువుగా, ఒక జాతిని ఒక్క ఆచారంగా చూసే అలవాటు ఉంటుంది. లిగాన్ గ్రహం ఆ అలవాటు కట్టిన ఊరు.

ఆ ఎపిసోడ్‌లోనే భాష గురించి ఒక చిన్న సంభాషణ ఉంది. డేటా మాటల మధ్యలో ఫ్రెంచిని ఎవరికీ పెద్దగా తెలియని భూలోక భాషగా పేర్కొంటాడు. ఫ్రెంచివాడైన కెప్టెన్‌కు కోపం వస్తుంది, ఆ భాష శతాబ్దాల పాటు నాగరికతకు ప్రతినిధిగా నిలిచిందని సమాధానం చెబుతాడు. డేటా ఇంకా వాదించబోతే రైకర్ ఆపుతాడు. నవ్వులాటగా రాసిన ముక్క. నాకు నవ్వు రాలేదు. ఫ్రెంచి మరుగున పడటం వాళ్లకు హాస్యం, ఎందుకంటే అది జరగదని వాళ్లకు ధీమా. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కొలువులో ఇంగ్లీషుగా బతికే మనకు అలాంటి ధీమా లేదు. తమిళనాడులో 2006 నాటి చట్టం బడుల్లో తమిళాన్ని తరగతి తరగతిగా తప్పనిసరి చేసుకుంటూ వచ్చాక, మాతృభాషలో పరీక్ష రాయనివ్వమని అల్పసంఖ్యాక భాషలవారు కోర్టుల గుమ్మాలు ఎక్కారు. భాష మరుగున పడటం మనకు 24వ శతాబ్దపు సంగతి కాదు, వచ్చే విద్యాసంవత్సరపు సంగతి.

ఇంకా గమనించండి. మరుగున పడిన ఫ్రెంచికి కెప్టెన్ నోట రెండు వాక్యాల గౌరవమైనా దక్కింది. లిగాన్ వాళ్ల భాషకో? వాళ్లు మాట్లాడేదంతా ఇంగ్లీషుగానే వినిపిస్తుంది. మనుషుల పేర్లు పోగా వాళ్ల భాషలోనిదిగా నా చెవిన పడిన మాట ఒక్కటే, ‘గ్లావిన్’. అది ఆయుధం పేరు. ఒక జాతి భాషలో మనకు వినిపించిన ఒకే ఒక్క మాట కత్తి పేరు అయితే, ఆ జాతిని ఎలా తలచుకున్నారో వేరే సాక్ష్యం కావాలా? నా నాటికలో కొండవాళ్ల కేకలకూ దీనికీ తేడా ఏముంది?

ఇక్కడ రెండో పక్షం వారు లేచి నిలబడతారు. “ఇంత చెడ్డదైతే ఆ సీరియల్‌నే అవతల పారెయ్యండి” అంటారు. వీరితోనూ నాకు పేచీ ఉంది. ఒక్క ఎపిసోడ్ చూసి 178ని కొట్టేయడం కూడా ఒక్క ఆచారం చూసి జాతిని కొట్టేయడం వంటిదే. ఈ సీరియలే నాలుగేళ్ల తర్వాత, 1991 సెప్టెంబర్ 30న ‘డార్మాక్’ అనే ఎపిసోడ్ ఇచ్చింది. అందులో ఒక జాతి తమ పురాణగాథలను తలచుకుంటూ మాత్రమే మాట్లాడుతుంది. అనువాద యంత్రం ప్రతి మాటనూ ఇంగ్లీషులో చెబుతుంది, అర్థం మాత్రం చెప్పలేదు. గాథలు తెలియనివాడికి మాటలు తెలిసినా ఏం లాభం? మనం భగీరథ ప్రయత్నం అంటాం, శల్య సారథ్యం అంటాం, త్రిశంకు స్వర్గం అంటాం. కథ తెలియనివాడికి వీటిని యంత్రం ఎలా చెబుతుంది? ఆ జాతి కెప్టెన్ డాథన్ ఈ అడ్డు తొలగించడానికి పికార్డ్‌ను ఒక ఒంటరి గ్రహానికి దింపి, ఇద్దరూ కలిసి ఒక క్రూరమృగాన్ని ఎదుర్కొనేలా చేస్తాడు. ఆ ప్రయత్నంలో ప్రాణం ఇస్తాడు. చనిపోతున్న అతనికి పికార్డ్ గిల్గమేష్ కథ చెబుతాడు. లిగాన్‌లో ఆయుధం పేరు తప్ప వినిపించని సీరియల్, ఇక్కడ పరాయి భాష అర్థం చేసుకోవడానికి ఒక మనిషి ప్రాణం ఇవ్వడం చూపింది.

అయితే ‘డార్మాక్’ గొప్పతనం ‘కోడ్ ఆఫ్ ఆనర్’ అప్పును తీర్చెయ్యదు. ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో కొలవాలంటే మొదటి గీత చెరిపెయ్యకూడదు. ఆ ఎపిసోడ్ చూడకుండా వదిలేసినవాడికి ‘డార్మాక్’ ఒక మంచి కథ. దాన్ని చూసి, తప్పు ఏదో తేల్చుకున్నవాడికి ‘డార్మాక్’ ఒక ప్రాయశ్చిత్తం కూడా.

కనుక నేను కోరేది కొంచెమే. రేపు మన సంఘం వార్షికోత్సవంలో ఒక కుర్రవాడు తొలి నాటిక ఆడతాడు. ఒక అమ్మాయి తొలి కథ ఈ పత్రికకు పంపుతుంది. నడక కుంటితే, మాట తడబడితే, ముగింపు తేలిపోతే, మనసారా పోనివ్వండి, చప్పట్లు కొట్టండి, మళ్లీ రాయమనండి. కానీ అందులో అరవవాణ్ణి, కొండవాణ్ణి, పనిమనిషిని, పక్క వీధి కులంవాణ్ణి నవ్వులాట బొమ్మగా నిలబెడితే, వాత్సల్యంతోనే గానీ ఆ రోజే, ఆ మాట చెప్పండి. చెయ్యి తిరగడానికి ఏళ్లు పట్టవచ్చు, పట్టనివ్వండి. పక్క మనిషిని మనిషిగా చూడటానికి మాత్రం గడువు ఇవ్వకండి. మనకు ఎవరూ గడువు అడిగి గాయం చెయ్యలేదు.

మేనల్లుడు చెన్నై తిరిగి వెళ్లేటప్పుడు బస్సు దగ్గర అడిగాడు, “ఇంతకీ మామా, నా స్నేహితులకు ఆ ఎపిసోడ్ గురించి ఏమని చెప్పను? చూడమననా, వద్దననా?” అని. చూడమను అన్నాను. చూసి, తిట్టవలసింది తిట్టి, అప్పుడు ముందుకు పొమ్మను.